వెనక గది లైను

లేదు వదినా, హాల్లో ఫ్యానుకివ్వను. ఫ్రిజ్జుకీ ఇవ్వను. టీవీ మాట అసలెత్తకండి! ఈ ఇన్వర్టర్ లైను వెనక గదికే. అత్తయ్య ఆక్సిజన్ మిషనుకి, అక్కడో బల్బుకి. అంతే.

వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారా? తుఫానులో చుట్టపుచూపుకి వచ్చే మహానుభావులెవరండీ? వస్తే విసనకర్ర ఇస్తా, విసురుకుంటారు.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు, ఇప్పుడే ఈ హడావిడేంటంటారా? ఇల్లు అంటుకున్నాక బావి తవ్వమంటారా ఏం? ఇవిగో, రెండు బ్యాటరీలు. డిస్టిల్డ్ వాటర్ గీత దాకా నేనే పోశాను. నిన్న పొద్దున్న అత్తయ్యకి సిలిండర్ పెట్టి, మెయిన్ ఆపేసి, ఖాళీ మిషను నడిపి చూశా. ఐదు గంటల పది నిమిషాలు! స్టూలేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నా, తెలుసా?

ఆ, ప్లగ్గు పక్కన అంటించిన కాగితం. అదే కదా మీ కోపం? "ముట్టుకుంటే చెయ్యి విరుస్తా." ఆడపడుచునని చూడకుండా నాకే రాసిందనుకున్నారు. ఆ సంగతికి వస్తా, ఉండండి.

ఆ ఎలక్ట్రీషియన్నే మళ్లీ ఎందుకు పిలిచానా? పోయినేడాది ప్లగ్గు లూజుగా పెట్టి అమ్మ ప్రాణం మీదికి తెచ్చాడని వీధిలో నిలబెట్టి దులిపేశారు గుర్తుందా? పాపం, తలొంచుకుని నిలబడ్డాడు. నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సంచి సర్దకండి వదినా. అమ్మని తీసుకుపోతారు సరే, ముందు కూర్చోండి.

ఆ రోజు తుఫానుకి కరెంటు పోయింది. అప్పట్లో ఇన్వర్టర్ లైను హాలు వరకే కదా. హాల్లో ఉన్న ఒక్క పాయింట్లోంచి తలుపు కింద వైరు లాగి, అతను బిగించిచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టాం. అందులో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. మీ తమ్ముడు ఆ గాలిలో బయటే ఉన్నారు. నా ఫోను చచ్చిపోతోంది. ఏం చెయ్యను, చెప్పండి?

లాగాను. అవును, నేనే! మిషను ప్లగ్గు పీకి ఫోను పెట్టా. ఒక్క నిమిషం అనుకున్నా. ఇంతలో ఆయన ఫోనొచ్చింది. సరిగ్గా వినబడక ఫోను పీక్కుని కిటికీ దగ్గరికి పరుగెత్తా. బతికే ఉన్నారని తెలిసి ఏడుస్తూ నిలబడ్డా. వెనక మిషను కూస్తోందండీ, ఆ గాలి హోరులో నాకు వినబడలేదు.

వెళ్లేసరికి అత్తయ్య గోళ్లు నీలంగా ఉన్నాయి.

మళ్లీ పెట్టేశా. అందరూ వచ్చి అడిగితే "ప్లగ్గు లూజు" అన్నా. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

మొన్న ఈ లైను వెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు చెప్పేశా. ఏమన్నాడా? "నాకప్పుడే తెలుసమ్మా, నా ప్లగ్గు లూజు కాదు" అన్నాడు. అని, పని చేసుకుంటూ పోయాడు.

అత్తయ్యకీ తెలుసు వదినా. నేను లాగుతుంటే కళ్లు తెరిచి చూస్తూనే ఉన్నారు. ఏడాదిగా ఎవరితోనూ అనలేదు. వెళ్లి అడగండి. మీతో వస్తానంటే మిషను నేనే మోసుకొచ్చి ఆటోలో పెడతా. ఉంటానంటే మాత్రం కదలనివ్వను.

ఆ కాగితం మీకు కాదు. సరిగ్గా నా కళ్ల ఎత్తులో అంటించుకున్నా, చూడండి.

ఇప్పుడు తిట్టండి, పడతా. లైను మాత్రం మార్చను.