దీవిలో వంతు

బుల్లెమ్మ అని ఒకావిడ. ఎవరో కాదు, కాలవగట్టు దిగ్గానే పచ్చగేటు ఇల్లుంటాది చూడండి, ఆ గంగరాజు పెళ్ళాం. ఆవిడకో రోగం ఉంది. షుగరు కాదు, బీపీ కాదు. ఎదటోళ్ళు తింటే ఈవిడకి అరగదు. వీధిలో మొదటి మిక్సీ ఆవిడదే, మొదటి ఫ్రిజ్జూ ఆవిడదే. మొదటిది తనదైతే రెండోది ఎవరిదైనా ఫరవాలేదు, పక్కన కూర్చుని ఎలా వాడాలో కూడా చెప్పుద్ది. తనది రెండోదయ్యిందో, ఆ పూట గంగరాజుకి అన్నం మాడిందే అనుకో. అలాంటి మనిషికి దేవుడు ఎవర్నిచ్చాడు పక్కింట్లో? తోడికోడల్ని ఇచ్చేడు. గోడకి ఇవతల ఈవిడ, అవతల మరిది తాతారావు, ఆడి పెళ్ళాం సత్యవేణి. ఆ సత్యవేణి మంచిపిల్లే, నవ్వుమొహం. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే తిట్టి ఊరుకుంటాం, మంచిదాన్ని ఏంచేస్తాం చెప్పండి.

ఏమైందంటే, తాతారావు కొబ్బరికాయల బేరం మీద రాజమండ్రి వెళ్తుంటాడు కదా, అక్కడెవరో ఫోన్ చేసి పిలిచేరంట, ఆలుమగలు కలిసి రండి, మంచి భోజనం పెడతాం, ఓ కుక్కరు ఊరికే ఇస్తాం, మేం చెప్పేది రెండుముక్కలు వినండి చాలు అని. కుక్కరు కోసం వెళ్ళినోడు దీవి కొనుక్కొచ్చేడు. దీవంటే దీవంతా కాదే పిచ్చిమొహమా, చీపురుకి ఈనెలు తియ్యడం మానేసి నోరు తెరిచేవు. టైంషేరంటారంట. మనకి కాలవనీళ్ళకి వంతులేస్తారా లేదా? నీ వంతొచ్చినప్పుడు తూము నీది, నీళ్ళు నీవి, ఎవడూ అడ్డుపడడు. వంతు దాటిందా, చుక్క నీది కాదు. అల్లాగే అండమాన్లో ఓ దీవి, ఆ దీవిలో సముద్రం ఒడ్డున ఓ గది. ఏడాదిని వారాల కింద కోసి అమ్ముతారంట. మాఘమాసంలో ఓ వారం వీళ్ళది. ఆ వారం గదీ, మంచాలూ, వంటిల్లూ అన్నీ వీళ్ళవే. ముందే కట్టేసేరు కాబట్టి ఏటేటా హోటలు అద్దె లేదు. సత్యవేణి గట్టిపిల్ల, బియ్యం, ఆవకాయ, ఎండురొయ్యలు మూటగట్టుకెళ్ళి అక్కడే వండేసింది. తిరపతి వెళ్ళొచ్చినా ఇంతకంటే అవుద్ది పిన్నీ అంది నాతో. మనకి వీలు కాకపోతే మనవాళ్ళని పంపుకోవచ్చంట, ఎవర్నీ పంపకపోతే ఆ ఏటి వంతు మురిగిపోద్దంట. ఈ ఆఖరుముక్క గుర్తుపెట్టుకోండి, బుల్లెమ్మ పట్టుకున్నది దాన్నే.

మొదటి ఏడు వెళ్ళొచ్చేరు. వచ్చిందిరా తల్లీ సత్యవేణి, నల్లబడి వచ్చింది. మనం ఎండలో పని చేసి నల్లబడితే ఎవరూ అడగరు, అది దీవిలో నల్లబడితే వీధంతా వెళ్ళి చూసేం. నేనూ వెళ్ళేను. ఫోన్లో ఫోటోలు చూపించింది. ఇది మా రూమక్కా, ఇది మా రూము కిటికీ, ఇదిగో మా రూములోంచి సముద్రం అని. బుల్లెమ్మ ఆ ఫోటోలు చూస్తూ పైటకొంగు నలిపేసింది పాపం. మా రూమంట! ఏడాదిలో ఏడు రోజులు మీది, మిగతా రోజులన్నీ ఊరోళ్ళది, దానికి మా రూమేంటి? అని నాతో అంది బయటికొచ్చేక. నిజమే కదా అన్నాను నేను. నాకూ మండుతోంది మరి. నీళ్ళు నీలంగా ఉంటాయక్కా, అడుగున తిరిగే చేపలు కూడా కనపడతాయి అని సత్యవేణి మురిసిపోతే, మా గాబు నీళ్ళల్లో కూడా కనపడతాయిలే తోకపురుగులు అందంట బుల్లెమ్మ. ఆ పిల్ల ప్రేమగా ఓ పెద్ద శంఖం తెచ్చిస్తే తీసుకెళ్ళి కోళ్ళగూటి తలుపుకి అడ్డం పెట్టింది. ఇంటికెళ్ళి మొగుణ్ణి పట్టుకుంది, మనమూ కొనాల్సిందే, అదే దీవి, దానికంటే పై అంతస్తు అని. గంగరాజు నెమ్మదస్తుడు. మన ఊరి చుట్టూ గోదారేనే, మళ్ళీ దీవెందుకు అని తువ్వాలు భుజానేసుకుని పోయేడు. ఇంక చూడండి, ఏడాది పొడుగునా ఆవిడ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. పేరంటానికెళ్తే దీవి మాటే, పాలకేంద్రం దగ్గర దీవి మాటే. కొత్త పెట్టె కొని మంచం కింద దాచింది. ఎండ టోపీ కూడా కొంది, అమలాపురంలో. నేను చూసేను లెండి, సంచిలోంచి అంచు కనపడింది.

మళ్ళీ మాఘమాసం వచ్చింది. సత్యవేణి గోడ దగ్గరకొచ్చి, అక్కా, ఎల్లుండి మేం విశాపట్నం నించి విమానం ఎక్కుతున్నాం, నువ్వూ బావగారూ కూడా మాతో కార్లో రండి, మమ్మల్ని ఎక్కించేసి సింహాచలం అప్పన్నని చూసుకుని వద్దురుగాని, ఓ నాలుగు చీరలు కూడా పెట్టుకో, అక్కడ చుట్టాలింట్లో ఉండొచ్చు అందంట. బుల్లెమ్మకి ఒళ్ళు మండిపోయింది. దాన్ని సాగనంపడానికి నేను బండెక్కాలా? అది గాల్లోకి లేస్తుంటే కింద నించుని చెయ్యూపాలా? పైకి మాత్రం అలాగేలేవే అంది. అని లోపలికొచ్చి ఆలోచించింది. మనిషిని ప్రయాణం మానిపించాలంటే ఏం చెయ్యాలి? తుమ్మితే కూర్చుని లేస్తారు. పిల్లి ఎదురొస్తే మంచినీళ్ళు తాగి వెళ్తారు. ఎవడూ కాదనలేనిది ఒకటే ఉంది, చావుమైల. దినవారాలు అయ్యేదాకా ఇల్లు కదలకూడదు. వాళ్ళు కదలకపోతే వంతు మురిగిపోద్ది, మురిగిపోతుందంటే తాతారావు ప్రాణం ఒప్పుకోదు, వదినా పోనీ మీరెళ్ళండి అంటాడు. అప్పుడు ఆ గది ఎవరిది? ఆ కిటికీ ఎవరిది? ఇంతవరకూ లెక్క బాగానే ఉంది కదా. మరి చచ్చేదెవరు? గోదారి మధ్య లంకలో ఉంటాడు పేరయ్య తాత, వీళ్ళ మావగారికి చిన్నాన్న. తొంభై దాటేయి, ఇవాళో రేపో అంటూ పదేళ్ళ నించీ బతుకుతున్నాడు. ఆ లంకలో సెల్లు సరిగ్గా పలకదు. ఇంకేం, పొద్దున్నే కాఫీ గిన్నె దింపి గోడ దగ్గరికి వెళ్ళి, ఓసే సత్యవేణీ, కొంప మునిగిందే, పేరయ్య తాత పోయేడంట, ఇప్పుడే రేవు దగ్గర ఎవరో చెప్పేరే అని కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ చేతిలో పని చేతిలోనే పడేసి, పూలదండ కొనుక్కుని పడవెక్కేసేరు. సత్యవేణి పెరట్లోకెళ్ళి తలమీద నీళ్ళు పోసేసుకుంది.

కాసేపాగి బుల్లెమ్మ వెళ్ళింది ఓదార్చడానికి. తడితలతో కూర్చుని ఏడుస్తోంది ఆ పిల్ల. పోన్లేవే, తాత పండుటాకు, రాలిపోయేడు, ఏం చేస్తాం, అవునే, మీ వారం మురిగిపోద్దేమో కదా, తాతారావుకి నష్టం కదా, పోనీ నీకోసం, మేం ఎలాగో ఒకలాగ వీలు చూసుకుని... అని సాగదీస్తోందంట. సత్యవేణి తలెత్తి చూసి, అదేంటక్కా, తాత నీకు మాత్రం కాడా? మీ మావగారూ మా మావగారూ ఒకరే కదా, నీకూ మైలే కదా, ఇంకా నీళ్ళు పోసుకోలేదేంటి? అంది. చూసేరా! అంత లెక్కేసిన మనిషికి ఆ చిన్నముక్క తట్టలేదు. అవతలోళ్ళ మీద కన్నుంటే మన కాళ్ళకింద గొయ్యి కనపడదు. అంతటితో అయ్యిందా? లేదు. సత్యవేణి ఇంకా ఏడ్చింది. అక్కా, ఇంక దాచి ఏం లాభం, నీకూ బావగారికీ కూడా టిక్కెట్లు తీసేం. అది నలుగురు పడుకునే రూము. మేమిద్దరమే చూసొస్తే నాకు పోయినేడు ఏదోలా అయిపోయింది. ముందే చెబితే నీ దయ నాకక్కర్లేదంటావని, విశాపట్నం తీసుకెళ్ళి విమానం దగ్గర చెబుదామనుకున్నాం. బావగారికి తెలుసు, ఆధార్ కార్డులు ఆయనే ఇచ్చేరు. అందరివీ పోయేయక్కా, నీదీ పోయింది, అందంట.

ఇప్పుడు చెప్పండి, మీరైతే ఏం చేద్దురు? తాత బతికే ఉన్నాడే, నేనే కల్పించేను, తిడితే తిట్టు, లే, పెట్టె సర్దు అంటే అయిపోను. నలుగురూ వెళ్దురు. ఆ మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చిందంట. కానీ మనసులో ఇంకో మాట అడ్డం పడింది. నన్ను తీసుకెళ్ళాలన్న బుద్ధి దానికెందుకు పుట్టాలి? నేనే కొనుంటే దాన్ని తీసుకెళ్దునా? తీసుకెళ్ళను. అంటే మంచితనంలో కూడా అదే మొదలా, నేను రెండోదాన్నా? అని. చూడండి ఆ ఏడుపు ఎక్కడికి పోయిందో! డబ్బు చూసి కుళ్ళుకుంటారు, నగ చూసి కుళ్ళుకుంటారు, ఈవిడ మంచితనం చూసి కుళ్ళుకుంది. లేచి, తన పెరట్లోకెళ్ళి గాబులో చెంబు ముంచి తలమీద పోసుకుంది. తనకి లేకపోయినా సరే, దానికి కూడా వద్దు అనుకుంది.

అక్కడ లంకలో ఏమైందంటే, అన్నదమ్ములిద్దరూ దండ పట్టుకుని, ఏడుపుమొహాలేసుకుని వాకిట్లోకి వెళ్తే, పేరయ్య తాత పీటమీద కూర్చుని మంగలితో గెడ్డం గీయించుకుంటున్నాడు. సగం గెడ్డానికి నురగ ఉంది. వీళ్ళనీ దండనీ చూసి, ఏరా, నాకెందుకురా దండ, మళ్ళీ పెళ్ళి చేస్తారేంటి? అన్నాడంట. గంగరాజుకి భూమిలోకి దిగిపోవాలనిపించింది. మెల్లగా అసలు సంగతి చెప్పేరు. ఎవరు చెప్పేరురా అంటే, నా పెళ్ళాం అన్నాడు. తాత పగలబడి నవ్వి, చచ్చేనని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుద్దంటారు, నాకింకా ఆయుష్షు పోసిన మనవరాల్ని నేను చూసి తీరాలి అని, మిగతా సగం గెడ్డం కూడా గీయించుకుని, వాళ్ళతో పడవెక్కేసేడు.

మధ్యాన్నం వీధి మొగలో ముగ్గురూ దిగేటప్పటికి మేమందరం అరుగుల మీదే ఉన్నాం. పోయినాయన నడుచుకుంటూ వచ్చేడు, చేతికర్ర టకటకమంటోంది. దండ గంగరాజు చేతిలోనే ఉండిపోయింది, ఎక్కడ పారెయ్యాలో తెలీక. సంగతి అందరికీ అర్థమైపోయింది. తాతారావు అగ్గిమీద గుగ్గిలమవుతాడనుకున్నాం. వాడు, వదినా, విమానం రేపు కదా, ఇంకా టైముంది, పెట్టె సర్దుకో అన్నాడు. అంతే అన్నాడు. సత్యవేణి వచ్చి చెయ్యి పట్టుకుంది, రా అక్కా, జరిగింది జరిగిపోయింది అని. తిట్టుంటే వెళ్ళేదే బుల్లెమ్మ. నాలుగు తిట్లు తిని, నాలుగు తిట్టి, కారెక్కేది. క్షమించేస్తే ఎలా వెళ్తాది? చెయ్యి విదిలించుకుని, నేను తలమీద నీళ్ళు పోసుకున్నాను, నాకు మైల అంది. తాత ముందుకొచ్చి, నేను బతికే ఉన్నాను కదమ్మాయ్ అన్నాడు. మీరుండండి తాతగారూ, మాకు కబురొచ్చింది, కబురొచ్చేక మైల మైలే అంది. నవ్వకండి, ఆ మాట అంటూ ఆవిడ మళ్ళీ పైటకొంగు నలిపేసింది, నేను చూసేను. గంగరాజు చేతిలో దండ అరుగుమీద పెట్టేసేడు. తర్వాత లోపలికెళ్ళి రెండు చొక్కాలు సంచిలో పెట్టుకుని తమ్ముడితో వెళ్ళిపోయేడు.

పేరయ్య తాత మాత్రం లంకకి పోలేదు. నా దినవారాలు నేను చూసుకోవాలి కదా అని బుల్లెమ్మ అరుగుమీద పక్క వేసుకున్నాడు. పొద్దున్నే లేచి, అమ్మాయ్, నేను పోయి ఇవాళ్టికెన్నాళ్ళూ అని అడిగేవాడంట, ఈవిడ చెప్పేదంట కూడాను! మైలలో తాలింపు వెయ్యరు కదా, ఉత్తపప్పు, ఉత్తకూర చేసి పెట్టేది. పోయిన పాపానికి నాకే చప్పిడి కూడేంటి తల్లీ అనేవాడు. ఓ రోజు గంగరాజు దీవి నించి ఫోన్ చేసేడు, బొమ్మ కనపడే ఫోను. ఈవిడ చూడనని మొహం తిప్పుకుంటే తాత పట్టుకుని చూసేడు. నీలంనీళ్ళు చూసేడు, ఒడ్డున సత్యవేణి గవ్వలేరడం చూసేడు. తర్వాత గంగరాజు గది లోపల చూపించేడంట. అమ్మాయ్, కిటికీ పక్కనో మంచం ఉంది, దానిమీద ఎవరూ లేరు, అది నీదంటున్నాడే వాడు, అన్నాడు తాత. బుల్లెమ్మ లేచి కంచం పెట్టింది. ఫోన్ పెట్టేసేక, వడ్డిస్తున్న ఆవిణ్ణి చూసి తాత నెమ్మదిగా, నేను నిజంగా పోయుంటే నీకు బాగుండేది కదూ, ఎవరూ వెళ్ళకపోదురు అన్నాడంట. అయ్యో అదేం మాట అనాలి కదా మనిషన్నాక? వెంటనే అనాలి. అనలేకపోయింది. గరిటె అలాగే పట్టుకుని నించుంది, తనలో ఉన్నదేంటో అప్పుడే తనకి కనపడినట్టుంది, కూలబడి ఏడ్చింది. తనకి లేదని ఏడిస్తే ఓ కన్ను పోయింది, ఎదటోళ్ళకుందని ఏడిస్తే రెండో కన్నూ పోయిందంటారు, ఆ ఏడుపు కాదు ఇది, వేరే ఏడుపు. ఆవిడకి రెండోపక్కిల్లు మాదే కదా, గోడవతల నించి నేను విన్నాను. తాత ఏమన్నాడనుకున్నారు? పోన్లేవే, ఆ పప్పు మళ్ళీ పొయ్యిమీద పెట్టి కాస్త తాలింపెయ్యి అన్నాడు. ఇంగువ వాసన వీధంతా వచ్చింది. మైల పోయిందని మాకలా తెలిసింది.

అదమ్మా సంగతి. వాళ్ళిప్పుడు బాగానే ఉన్నారు, పై ఏడు నలుగురూ వెళ్తారని వింటున్నాను. వెళ్ళనీ, నాకేం కుళ్ళు లేదు. ఆ రోజు బుల్లెమ్మ రానన్నాక, తాతారావుని పక్కకి పిలిచి, మరి ఆ నాలుగో టిక్కెట్టు ఏం చేస్తావురా అని అడిగేను, ఊరికే, తెలుసుకుందామని. అది వదిన పేరుమీద ఉంది పిన్నీ, ఇంకోళ్ళు ఎక్కడానికి లేదు అన్నాడు. సరేలే అన్నాను. వంతు ఉండీ వదులుకున్న దాని ఏడుపు మీరంతా విన్నారు కదా. అసలు వంతే లేనిదాని సంగతి ఎవరైనా అడిగేరా?