చదివినట్టు గుర్తు

నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. అక్కడ మెయిళ్ల పని చూసే సుధీర్‌కి, అక్కడే పనిచేస్తూ నిరుడు చనిపోయిన స్నేహితుడు భరద్వాజ్ భార్య ఉమ ఫోన్ చేసింది.

"...మళ్లీ చెప్పండి వదినా. ఏ మెయిలు?"

"నేను మీ అన్నయ్యకి రాసింది. ఆయన ఆఫీసు మెయిల్‌కి."

"అన్నయ్యకి... అచ్ఛా."

"నవ్వకు. రోజూ రాస్తాను. ఇన్నాళ్లూ ఏమీ లేదు. ఇవాళ పొద్దున్న చూస్తే 'చదివారు' అని వచ్చింది సుధీర్. ఒళ్లు జల్లుమంది."

"ఒక్క నిమిషం... భయ్యా, దో మినిట్, ఫోన్ పే హూఁ... ఆఁ వదినా, పక్కన ఎవరో పిలుస్తుంటే. నిన్న సింక్ టూల్ అప్‌గ్రేడ్ చేశాం. అప్పట్నించీ అందరికీ ఏదో ఒక తంటా."

"సింక్ అంటే?"

"సర్వర్లో ఉన్న మెయిళ్లని ఫోన్‌కి చేరవేసేది. పాతది ఇట్నించి అటే పంపేది. కొత్తది, ఫోన్లో తెరిస్తే ఆ కబురు వెనక్కి కూడా తెస్తుంది."

"అంటే ఎవరో తెరిస్తేనే వస్తుందా?"

"అంటే... ఒక్కోసారి తప్పుగా కూడా రావచ్చు."

"తప్పో నిజమో తేల్చి చెప్పు. ఆయన్ని ఒకటి అడిగాను. మీరు చదివితే సరేనన్నట్టు, చదవకపోతే వద్దన్నట్టు అని రాశాను. సాయంత్రంలోగా హాస్పిటల్ వాళ్లకి చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేదు. నువ్వూ అడక్కు."

"అడగను."

"అసలు ఆయన మెయిలు ఇంకా ఎలా ఉంది?"

"ఏదో ఒక ఫోన్లో నడుస్తుంటే కంపెనీ మూసెయ్యదు. నాకు మూయబుద్ధి కాలేదు. అందుకని..."

"ఎవరి ఫోన్లో?"

"లైన్ సరిగా లేదు వదినా."

"నాకు బాగానే వినపడుతోంది. టూల్ తప్పా, కాదా? తప్పంటే ఇప్పుడే ఫోన్ చేసి వద్దనేస్తాను. నాకు భయంగా ఉంది సుధీర్."

"తప్పు కాదు! తప్పు కాదు వదినా, నిజంగానే తెరిచారు. వద్దనకండి. గడ్డ ఇంకా చిన్నదేనన్నారుగా, ఇప్పుడే తీయించేసుకుంటే..."

"గడ్డా?"

"అంటే... హాస్పిటల్ అన్నారుగా."

"గడ్డ అని నేను అనలేదే."

"నా ఫోన్లోనే వదినా. మొదటిది చదివాక ఆపలేకపోయాను. రోజూ మీ మెయిల్ కోసం చూసేవాణ్ని. అన్నయ్య ఇంకా ఉన్నట్టే ఉండేది."

"అయితే ఆయన కాదన్నమాట."

"కాదు వదినా. తిట్టండి నన్ను."

"ఆపరేషన్‌కి ముందు సంతకానికి ఇంటి మనిషి కావాలంటున్నారు. మరిదివని రాయిస్తాను. రేపు పొద్దున్నే వచ్చెయ్."