కొత్త ప్రాసెసర్‌కి రెండో పేరు

తంపెరె నగరంలో సిర్కా వంటిల్లు. నవంబరు సాయంత్రం, ఐదు గంటలు. బల్లమీద యాలకుల రొట్టెలు, వాటి పక్కన కొత్త ప్రాసెసర్ బిగించిన అరచేతంత బోర్డు. తామంతా కలిసి రాసే, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌ని దానిమీద నడిపించాలని కిమ్మో రెండేళ్లుగా తంటాలు పడుతున్నాడు. డెబ్బై దాటిన సిర్కా ఆ పనిలోకి అతనికంటే ముప్పై ఏళ్లు ముందే వచ్చింది.

"అంటే మీ పేరు ఇవ్వనంటారు."

"ఇవ్వనన్లేదు. రొట్టె తినమన్నాను."

"ఇది మూడో రొట్టె, సిర్కా గారూ. ఆరింటికి గడువు. ఈ ప్రాసెసర్‌ని చూసుకుంటామని ఇద్దరు పేర్లిస్తేనే ఈసారి విడుదలలో చేరుస్తారు. ఒక పేరు నాది. రెండోది లేకపోతే ఏడాది ఆగాలి."

"ఏడాదంటే ఎంత నాయనా, మన చలికాలమంత. హెల్సింకి పిల్లల్ని అడగరాదూ?"

"అడిగాను. ఒకరు ఒక యంత్రాన్నే చూసుకోవాలని నియమం కదా. అందరి చేతులూ నిండుగానే ఉన్నాయట."

"మరి నావి ఖాళీగా కనపడ్డాయా?"

"మీరు చూసుకునే పాత యంత్రాన్ని ఇప్పుడు ఎంతమంది వాడుతున్నారేమిటి?"

"ఇద్దరం."

"రెండోవారెవరు?"

"అర్వో."

"అర్వో గారు పోయి ఆరేళ్లయిందండీ."

"తెలుసు. సాగనంపింది నేనే. మొదటి లైను నుంచి దాని కోడ్ రాసింది ఆయన. నేను వదిలేస్తే మర్నాడే దాన్ని సిస్టమ్‌లోంచి తీసేస్తారు."

"అందుకే అడగడానికి రెండు నెలలు భయపడ్డాను."

"భయపడ్డవాడివి సరాసరి నా వంటింట్లోకే వచ్చావు."

"మెయిల్‌లో అడిగితే తప్పులు దిద్ది తిప్పి పంపుతారు."

"తప్పులుంటే దిద్దనూ? సరే, ముందు ఇది నడుస్తుందో లేదో చూడనీ. కరెంటు పెట్టు."

"పెట్టాను. అదిగో, అక్షరాలు."

"అక్షరాలే. ఏ దేశానివి?"

"నాలుగేసి అక్షరాలు వెనకనుంచి ముందుకి వస్తున్నాయి. నిన్నట్నుంచీ ఇంతే. నవ్వకండి."

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నారు."

"మామ చొక్కా అల్లుడికి తొడిగితే ఇంతే మరి. మా పాతది దేన్నయినా తలవైపు నుంచి దాచుకుంటుంది. నీ కొత్తది తోకవైపు నుంచి. మా ఫోల్డర్ కాపీ చేశావు, వరస తిప్పడం మరిచావు."

"అందరూ అలాగే కదండీ మొదలుపెట్టేది, దగ్గరి పాతదాన్ని కాపీ చేసుకుని."

"చేసుకుంటారు. తర్వాత మారుస్తారు."

"మార్చాను. నాలుగు వేల లైన్లు మార్చాను. ఆ ఒక్కటే..."

"ఆ ఒక్కటే?"

"దానిపైన ఆయన రాసిపెట్టారు. 'ఈ లైను ముట్టుకోవద్దు. ముట్టుకోవాలంటే నన్ను అడగండి. అర్వో.' అడుగుదామంటే..."

"అడుగుదామంటే మనిషి లేడు. అందుకని ముట్టుకోలేదు."

"అనుమానం వచ్చిందండీ. చెయ్యి రాలేదు."

"ఇంత చదువూ చదివి పోయినవాడి మాట జవదాటనంటాడు చూడు, మా అమ్మమ్మలాగా."

"మీరు మాత్రం? ఇన్నేళ్లలో ఒక్కసారైనా ముట్టుకున్నారా?"

"రొట్టె తిను."

"సిర్కా గారూ."

"లేదు. ముట్టుకోలేదు. ఆ ల్యాప్‌టాప్ ఇటు తిప్పు. నా కళ్లజోడేదీ... ఆఁ. ఇదీ."

"లైనొక్కటీ మారిస్తే చాలుగా. ఆయన మాట కూడా తీసేస్తున్నారా?"

"పాతదాని గురించి చెప్పిన మాట అది. కొత్తదాని దగ్గర అబద్ధమవుతుంది. ఆయన పేరుమీద అబద్ధం ఉంచను. ఫైళ్ల పైన ఆయన పేరు అలాగే ఉంచావా?"

"రాసినవాళ్ల పేరు తీయకూడదు కదండీ. ముప్పై ఏడు ఫైళ్లకీ మొదట ఆయనే. కింద నేను, చిన్నగా."

"చిన్నగా ఏమిటి, అక్షరాలన్నీ ఒకే సైజైతే. ఊఁ, మళ్లీ తయారుచెయ్యి."

"పావుగంట పడుతుంది."

"నీ రైలెన్నింటికి?"

"ఏడున్నరకి."

"స్టేషన్‌కి నేను రాను. ముందే చెబుతున్నా. అక్కడ చెయ్యి ఊపుతూ నిలబడటం నాకు చేతకాదు. మెట్లమీదే వెళ్లొస్తానని చెప్పేసి గబగబా దిగిపో."

"వెళ్లిపోవడం గురించి అప్పుడే ఎందుకండీ?"

"నాకు ముందునుంచే బెంగ. కాఫీ పొయ్యనా?"

"పొయ్యండి. ఇదీ తయారైంది. బోర్డుకి కరెంటు పెట్టనా?"

"పెట్టు."

"వచ్చింది. తిన్నగా వచ్చింది, చూడండి. ఒక్క అక్షరం తప్పు లేదు."

"చూస్తున్నాను."

"కళ్లు తుడుచుకుంటున్నారు."

"కాఫీ ఆవిరి. గంటెంత?"

"ఐదున్నర. ఇంక నేను అడగనండీ. ఆయన రాసినదాన్ని వదిలెయ్యమని మిమ్మల్ని బలవంతపెట్టి ఇది గెలిపించుకుంటే నాకు మింగుడుపడదు. వచ్చే ఏటికి వాయిదా వేస్తున్నానని మెయిల్ పెట్టేస్తాను."

"పెట్టు. పెట్టేముందు పొద్దున అందరికీ వచ్చిన మెయిళ్లు చూడు."

"చూడలేదు. రైల్లో అంతసేపూ దీంతోనే కుస్తీ. ఆగండి... ఎవడు వీడు? మీ పాత యంత్రాన్ని తీసెయ్యమని పంపాడు. మీకొక్క ముక్క చెప్పకుండానే. ఉండండి, ఇప్పుడే వాణ్ణి కడిగి..."

"కడుగుదువుగాని. ముందు కింద సంతకం చదువు."

"...మీరా?"

"నువ్వింకా రైలెక్కక ముందే పంపాను. నా చేతులిప్పుడు ఖాళీయే."