ఎవరి ‘స’?

సభకు పెద్దగా కూర్చున్న కరస్పాండెంటు హరిబాబు గారికి, హెడ్‌మిస్ట్రెస్ ఫణిశ్రీ గారికి, చెరుకు నరుకుడు ఆపుకుని వడ్డాది నుంచి కూడా ఆటోల్లో వచ్చిన తల్లిదండ్రులకు, షామియానా కింద ఉక్కపోతలో కూర్చున్న నా పిల్లలకు ఈ రోజుతో రిటైరవుతున్న ఈ సంగీతం టీచరు సూర్యకాంతం నమస్కారాలు. శాలువా కప్పారు, మాడుగుల హల్వా చేతిలో పెట్టారు, సంతోషమే. కానీ నోరు తీపి చేస్తే మాట ఆగుతుందనుకున్నవాళ్లు నన్ను ఇన్నేళ్లూ సరిగ్గా చూడలేదన్నమాట. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్లంతా ఈ వయసులో కంప్యూటరు నేర్చుకున్నానని మెచ్చుకున్నారు. ఏం నేర్చుకున్నానో మాత్రం ఎవరూ చెప్పలేదు, అందుకని నేనే చెబుతాను. డబ్బు కట్టనక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఒకటుంది. తెరిస్తే అంతా తెల్లగా, ఖాళీగా ఉంటుంది. అందులో చిన్న చిన్న పెట్టెలు పెట్టి, ఒక్కోదాని మీద దాని పని పేరు రాసి, మైకు సెట్టు వాళ్లు వైర్లు కలిపినట్టు పై పెట్టె నుంచి కింది పెట్టెకు గీతలు లాగితే శబ్దం పుడుతుంది. ప్రోగ్రాం రాయడం రానివాళ్లకు కూడా వచ్చేస్తుందని వీడియోలో చెప్పారు, నేను నమ్మేశాను. మొదటి పెట్టెలో ‘స’ అని రాసి, పాడుతుంది కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ముందు వరసలో మా ఆయన కామేశం గారు అందరికంటే ఎక్కువ నవ్వుతున్నారు.

అది పాడలేదు. పెట్టె చుట్టూ చుక్కల గీత వచ్చింది, నువ్వు రాసింది నాకు తెలీదు పొమ్మని దాని అర్థం. శబ్దం చేసే పెట్టె పేరు చివర చిన్న వంకర గీత ఒకటి పెట్టాలట, శ్రుతి ఎంత ఎత్తున ఉండాలో చెప్పే నంబరు ఒకటి పక్కన ఇవ్వాలట. అవన్నీ సరిచేసి, స్పీకరు పెట్టెకు కలిపి, సౌండు తగ్గించుకోవాలని తెలియక మీట నొక్కాను. వంటింట్లోంచి మా ఆయన పరుగున వచ్చి, “కాంతం, ఇన్వర్టరు కూస్తంది, ఏదైనా కాలిపోయిందేటి?” అన్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు సౌండు తగ్గించుకోండి, ఆ తరవాతే గీత కలపండి.

అయితే ఆ నంబరు నన్ను వదల్లేదు. మన సంగీతంలో ‘స’కి నంబరు లేదు కదా, పాడేవాళ్లకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడే వాళ్ల ‘స’. అంటే ఆ యంత్రం అడిగింది సరైన ప్రశ్నే. ఎవరి ‘స’ అని అడిగింది.

ఈ స్కూల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. ప్రార్థనకు రికార్డు చేసిన ట్రాకు కొన్నారు, దాని శ్రుతి అందరికీ ఒకటే. తొమ్మిదో తరగతి ప్రవల్లికది లోతైన గొంతు, ఆ ఎత్తుకు పోదు. హరిబాబు గారేమో, “ట్రాకులో పడని గొంతులు ఎనకాల నిలబడితే సరిపోద్ది కదా టీచరుగారూ” అన్నారు. ప్రవల్లిక నాయనమ్మ సన్యాసమ్మ గారు మా ఇంటికొచ్చి, “మా గుంట ఇంటికాడ కూడా పాడ్డం మానేసింది టీచరమ్మా. గొంతు బాగోదంటన్నారట. దేవుడిచ్చిన గొంతుకి ఏటి సేసీది?” అని కళ్లు తుడుచుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. మనం మద్దెల కొనుక్కొచ్చి పిల్ల ఓడంటున్నాం.

నాకు ఒళ్లు మండింది. ఆ పెట్టెలతోనే తంబురా కట్టాను. ప్రవల్లికను పక్కన కూర్చోబెట్టుకుని, దాని గొంతు నిలిచిన చోటి దాకా, ‘స’ నంబరు మార్చే స్లైడరు కిందికి జరిపాను. ఆ నంబరును ఒకటిన్నరతో హెచ్చిస్తే ‘ప’, రెండుతో హెచ్చిస్తే పై ‘స’. ఒక్క ‘స’ జరిగితే మిగతావన్నీ దాని వెంటే జరుగుతాయి. ఆ పిల్ల కళ్లు మూసుకుని పాడింది. నాకు ఏడుపొచ్చింది, అది చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఇందాక ప్రార్థన మళ్లీ ట్రాకు మీదే పెట్టించారు. ప్రవల్లిక చివరి వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపింది. నా వీడ్కోలు సభలో నా శిష్యురాలు పాడుతున్నట్టు నటించింది. రేపటి నుంచి సంగీతం పీరియడే ఉండదని, ట్రాకు చాలని నోటీసు కూడా పెట్టారు. హరిబాబు గారూ, తల దించుకోకండి, మీతోనే మాట్లాడుతున్నాను. మీ మీద కోపం లేదని మర్యాదకు అనాలి. ఉంది.

పీరియడు తీసేయండి. సాయంత్రాలు మా వరండా ఖాళీగానే ఉంటుంది. గొంతు బాగోలేదని ఎవరు ఎవర్ని వెనక్కి తోసినా, ఆ పిల్లల్ని నా దగ్గరికి పంపండి.

ఇన్నేళ్లు నన్ను భరించిన తోటి టీచర్లకు, ఇంతసేపు కదలకుండా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నాకిచ్చిన సమయం ఇంకా కొంత మిగిలే ఉంది, అది ప్రవల్లికకు ఇస్తున్నాను. లాప్‌టాప్ తెచ్చుకున్నాను, స్లైడరు ప్రవల్లిక ‘స’ దగ్గరే ఉంది. మైకు ఆపించదలిస్తే ఆపించండి హరిబాబు గారూ, ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ప్రవల్లికా, రా అమ్మా. ఆ మూలకు కాదు, ఇక్కడ, నడిమధ్యన నిలబడు. నేను పక్కకు తప్పుకుంటున్నాను.

సెలవు.