ఆదెప్ప తిప్పిన స్టీరింగు

ఏమప్పా, రోడ్డు మీద ఉలవకట్టె పరిస్తే తాత యాల అట్ల అరిసినాడు అనుకుంటాండావా? కూర్చో, చెప్తా. ఆ కాలంలో మేమూ అదే పని చేస్తిమి. కల్లంలో తొక్కించేదానికి ఎద్దులు యాడుండాయి మనకి? తార్రోడ్డు మీద పరిస్తే లారీలే తొక్కి గింజ రాలస్తాయి. మదనపల్లె డ్రైవరు ఆదెప్ప అని ఒకాయప్ప, పుంగనూరు నుంచి బెల్లం లోడు తోలుకోని వచ్చేటోడు. తక్కినోళ్లు మమ్మల్ని బూతులు తిడతా పక్కకి పోతే, ఈయప్ప కావాలనే కట్టె మీద మెల్లింగా పోనిచ్చి, "గంగులమ్మక్కా, ఉలవసారు కాస్తే నాకొక చెంబు ఎత్తిపెట్టు" అని మీ అవ్వని ఎగతాళి చేసేటోడు. మీ అవ్వ చేతి ఉలవసారు నువ్వు యాడ తిన్నావులే.

డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. పొద్దున్నే తుంపర పడె. "కట్టె తడిసిపాయె, ఎత్తేద్దాం రా" అనింది మీ అవ్వ. "ఎండొస్తాది, ఉండనీ" అన్నా. నేనేనప్పా అన్నింది. ఆయమ్మ రోడ్డు నడిమధ్యన వంగి కట్టె తిరగేస్తాంటే మలుపులో లారీ వచ్చె. ఆదెప్ప హారన్ కొట్టె, బ్రేకు తొక్కె. తడికట్టె మీద చక్రాలు నిలస్తాయా? జర్రున జారె. మీ అవ్వ లేచి నిలబడిందే గాని కాలు కదల్లేదు. ఈ పక్క మనిషి, ఆ పక్క చింతమాను. ఒక్కపెట్టున స్టీరింగు తిప్పి మానుకే పోయినాడు. ఎనకాల లోడంతా క్యాబిన్ మీదికొచ్చి పడె. ఆ మాను ఇప్పుడు లేదులే, రోడ్డు ఎడల్పు చేసేటప్పుడు కొట్టేసిరి.

నేనేం చేసినానో తెలుసా? లారీ కాడికి పోలేదు. పోలీసోళ్లొస్తే కేసవుతాదని పొరక తీసుకోని రోడ్డు ఊడిసినా. ఒక్క గింజ లేకుండా ఊడిసినా. ఆయప్ప మూలుగుతానే ఉండాడు, నాకు ఇనపడతానే ఉండాది. ఊడిసినాక పోయి తలుపు లాగినా. అప్పటికి అయిపాయె.

పోలీసోళ్లు జోరుగా తోలినాడని రాసుకున్నారు. ఊళ్లో వాళ్లయితే తాగినాడనిరి. ఆయప్ప బీడీ గూడా ముట్టడు. పదైదు రోజులకి ఆయప్ప పెండ్లాము చెంగమ్మ మన ముంగిట్లోకొచ్చి, "మా ఇంటాయన జోరుగా తోలేటోడు కాదన్నా, నువ్వు ఆడే ఉండావంటనే, ఏమయ్యిందో చెప్పన్నా" అని ఏడిసె. "నేను సేన్లో ఉన్నానమ్మా, సూడలేదు" అన్నా.

మీ అవ్వ తలుపెనక నిలబడి అంతా ఇనింది. నన్ను ఒక్క మాట అన్లేదు. తిట్టినా బాగుండు. సచ్చేదాకా అన్లేదప్పా...

పో, మోటరు ఆపేసి రా. తొట్టి నిండి నీళ్లు పొర్లతాండాయి.