మా మూలకి ఒక్క తల తక్కువ

రాసుకోవడం తర్వాత. ముందు ఆ పోలీసు టోపీ తీసి పక్కన పెట్టి నే చెప్పేది విను క్లేటన్. తప్పంతా ఆ కాల్డర్‌ది. అదే, మీరంతా చప్పట్లు కొట్టే మీ సెనేటర్ కాల్డర్‌ది. ఏం, నువ్వు కొట్టలేదా? మొన్న ధాన్యం గోదాములో వాడు మాట్లాడినప్పుడు ముందు వరసలో కూర్చున్నది ఎవరు మరి?

తను అధ్యక్షుడైతే ఏడాదిలో సైన్యాన్నంతా ఇరాక్ నుంచి వెనక్కి తెచ్చేస్తాడట. ఇరాన్ వాళ్లని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతాడట. ఏం మాట్లాడతాడు? మన పిల్లల బండ్ల కింద బాంబులు పెట్టించినవాళ్లని, కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటారని అడుగుతాడా? మన అయోవా రాష్ట్రానికి వచ్చి పందిపిల్లని ఎత్తుకుని ఫొటో దిగడం కూడా చేతకాలేదు ఆ మనిషికి, చొక్కా అంతా పాడు చేసుకున్నాడు. వాడు ఆపుతాడా యుద్ధం?

అదే పదవికి పోటీ పడుతున్న మా గవర్నర్ విట్లాక్ అలాంటివాడు కాదు. పని పూర్తయ్యేదాకా సైన్యాన్ని అక్కణ్ణించి కదపనన్నాడు. మా డేల్ చెయ్యి పట్టుకుని, 'నువ్వక్కడ పోగొట్టుకున్నది వృథా కానివ్వను' అన్నాడు. నా కళ్లముందే అన్నాడు. ఆ మాట ఇంకెవడన్నాడు నా కొడుకుతో? మీ కాల్డర్ అన్నాడా?

సరే, గొంతు తగ్గిస్తా. ఇది ఆస్పత్రని నాకూ తెలుసు. లోపల మా మరిది నోరిస్‌కి కంటి మీద కుట్లు వేస్తున్నారనీ తెలుసు. ఆ పక్క గదిలో నా కొడుకు చేతిని మంచానికి సంకెల వేసి కట్టావనీ తెలుసు. వేసి, వాడి మొహం చూడకుండా బయటికొచ్చేశావు, చూశాను. ఇవాళ గొడవైన ఆ బడి జిమ్నాజియంలోనే కదా చదువుకునే రోజుల్లో మీరిద్దరూ ఒకే జట్టులో కుస్తీ పట్టింది.

ఎవరు మొదలుపెట్టారనా? నోరిస్. రాసుకో. నా మొగుడికి సొంత తమ్ముడు, ఇవాళ్టి మీటింగులో కాల్డర్ మూలకి పెద్ద మనిషి. అంతమందిలో మా డేల్‌ని పట్టుకుని పిరికివాడన్నాడు. అంటే ఊరుకుంటారా ఎవరైనా? నువ్వైతే ఊరుకుంటావా?

ఎవరూ వినలేదంటున్నారా? ఆ గోలలో ఎవడికి వినపడుతుంది.

నువ్వు డ్యూటీ మీద బయటున్నావు, చూడలేదు. అధ్యక్ష పదవికి మన పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి, ఎప్పట్లాగే ఎవరి నాయకుడి మూలకి వాళ్లు వెళ్లి నిలబడ్డాం. వందకి పదిహేనుమంది లేని మూల చెల్లదు, అందులోవాళ్లు చెదిరి వేరే మూలకి పోవాల్సిందే. మాకు ఒక్క తల తక్కువైంది. ఒక్కటంటే ఒక్కటి. అవతల కాల్డర్ మూలలో ఇసకేస్తే రాలనంత జనం. నేను చేసి తెచ్చిన నిమ్మకాయ కేకే తింటూ, ఇంకా ఎవరికోసం చూస్తున్నావు వర్నా, వచ్చెయ్యి, అని వెక్కిరింతలు.

డేల్ పైన, ఆటలు చూసేవాళ్లు కూర్చునే మెట్ల మీద కూర్చున్నాడు. ఈ మంచులో నేను కారు నడపలేనని తోడొచ్చాడు పాపం. గుమ్మం దగ్గర ఓటరుగా పేరైతే ఇచ్చాడు గాని ఏ మూలకీ పోలేదు. వీపు గోడకి ఆనించి, తలుపు కనపడేలా కూర్చున్నాడు. ఇంట్లోనూ అంతే. ఇరాక్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంతే.

మెట్లెక్కి వెళ్లాను. 'కాసేపు మా మూలలో నిలబడరా' అన్నాను. 'వద్దమ్మా, నన్నిక్కడ ఉండనీ, జనం మధ్యకి రాలేను' అన్నాడు. 'యుద్ధానికి పోయొచ్చినవాడివి, మన ఊరి జనాన్ని చూసి భయమేంట్రా, పిరికివాడిలా' అన్నాను.

ఏంటలా చూస్తావు?

అవును. ఆ మాట నోరిస్ అనలేదు. నేనే అన్నాను.

ఆ మాటకి లేచాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి సరిగ్గా మా మూల జనం మధ్యలో నిలబెట్టాను. ఇంత చలిలోనూ వాడి మెడ మీద చెమట కారుతోంది. చూశాను, చూసి కూడా వదల్లేదు. అప్పుడు నోరిస్ వెనకనుంచి వచ్చి వాడి భుజం మీద చరిచి, 'రారా అబ్బాయ్, మా మూలకి రా' అన్నాడు. అంతే అన్నాడు. లెక్కకి ముందు మనవాళ్లందరూ చేసే పనే అది.

డేల్ ఎప్పుడు తిరిగాడో తెలీదు. నేను చూసేసరికి నోరిస్ కింద ఉన్నాడు. ఒక గుద్దుకి పళ్లు ఊడి బాస్కెట్‌బాల్ గీతల మీద పడ్డాయి. ఇంకో గుద్దు కంటి మీద. తర్వాత రెండు చేతులూ గొంతు మీద. నోరిస్ ముఖం నల్లబడిపోయింది, కాళ్లు నేలకేసి కొట్టుకున్నాడు. ముగ్గురు మగాళ్లు పట్టి లాగినా డేల్ ఊడి రాలేదు. అరుస్తున్నాడా అంటే అదీ లేదు. మెల్లిగా, ఎంతో ఓపిగ్గా ఏదో చెప్తున్నాడు, అక్కడివాళ్ల భాషలో. నాకు అర్థం కాని భాషలో.

పేరు పెట్టి పిలిచాను. నావైపు చూశాడు గాని నేనెవరో వాడికి తెలియలేదు.

కేకు పెట్టి తెచ్చిన గాజు పాత్ర ఉంది చూడు, మా అత్తగారిది, మహా బరువు. దాన్ని రెండు చేతులా ఎత్తి నా కొడుకు తల వెనక కొట్టాను. వదల్లేదు. మళ్లీ కొట్టాను. పాత్ర ముక్కలైంది, వాడు నోరిస్ మీదే బోర్లా పడ్డాడు. ఇద్దరి రక్తం కలిసిపోయింది.

ఇంతవరకూ అందరూ చూసిందే. రాసుకో. ఆ సంకెల తీసి నాకు వేస్తే ఇంకా మంచిది.

తర్వాత జరిగింది మాత్రం ఎవరూ నీకు చెప్పి ఉండరు, వాళ్లకీ సిగ్గేసి ఉంటుంది. అంబులెన్సు ఇంకా రాలేదు. నేను నేల మీద కూలబడి, డేల్ తల ఒళ్లో పెట్టుకుని నా స్కార్ఫుతో అదిమి పట్టాను. తలలు లెక్కపెట్టే ఆర్లీన్ వచ్చింది. తెలుసుగా ఆవిడ సంగతి, ప్రళయమొచ్చినా పద్ధతి తప్పదు. నా పక్కన వంగి, 'వర్నా, లెక్క తేల్చాలి. డేల్‌ని మీ మూలకి వేసుకోనా, వద్దా?' అంది.

వద్దనొచ్చు. నీ లెక్క తగలెయ్య, పొమ్మనొచ్చు.

నేను వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాను క్లేటన్.

స్పృహ లేని చెయ్యి ఎంత బరువుంటుందో. గోళ్లలో వాడి బాబాయి రక్తం. ఆర్లీన్ లెక్కపెట్టి తల ఊపేదాకా అలాగే ఎత్తి పట్టుకున్నాను.

మా మూల చెల్లింది.