వెనక గేటు దగ్గర కొన్న సుర్మాయి

దీవి పట్నంలోని గోల్ ఘర్‌లో వకీలు కనకదుర్గ ఆఫీసు. ఎదురు కుర్చీలో ఎరుకమ్మ. ఆమె భర్త అప్పలకొండకు గంజాయి కేసులో శిక్ష పడింది. ఇప్పుడు అప్పీలు నడుస్తోంది.

“అది కాదు ఎరుకమ్మా, అప్పీల్లో కొత్త సాక్ష్యం పెడతామంటే జడ్జిగారు ముందు అడిగేది ఒకటే. ఇన్నాళ్లూ ఎక్కడ దాచారని.”

“దాచలేదు దీదీ. ఒట్టేసుకున్నారు.”

“ఎవరు?”

“మా పేటలో మగాళ్లందరూ. గంగమ్మ ముందు తెడ్డు పట్టుకుని. వేట బంద్ నెల కదేటి అది. సముద్రంలోకి ఎల్లామని ఎవడూ నోరిప్పకూడదని.”

“అయితే ఆ తెల్లారి మీ ఆయన గంజాయి దొరికిన సిప్పీఘాట్‌లో లేడా?”

“లేడు. ఇంకో చోట చేపలమ్ముతున్నాడు. అక్కడ గంజాయి సంచి పడేసి పరిగెత్తినోడు ఎవడో. చీకట్లో ఒకడు చూసి మా ఆయనే అనుకున్నాడు.”

“అరే, పదేళ్లు శిక్ష పడుతున్నా చెప్పలేదా?”

“చెప్తే పేటలో పడవలన్నీ పట్టుకుపోతారని. నేను తిట్టని తిట్టు నేదు దీదీ. ములాఖత్‌కి ఎల్లి ఇనప జాలీ పట్టుకుని తిట్టాను. నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోద్ది.”

“మరి ఇప్పుడెలా చెప్పావు?”

“నిన్న మా పెద్ద అసిరయ్య అందర్నీ కూడేసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టించి, ఒట్టు తీసి గట్టుమీద పెట్టించీసినాడు. పడవలు పోతే పోనీ, మనిషి రావాలన్నాడు. నేను ఏడ్చీసినాను దీదీ.”

“శభాష్. కానీ పేటవాళ్లు మీవాళ్లే అంటారు అవతలి వకీలు. చేప కొన్నవాళ్లు కావాలి నాకు. ఎవరు కొన్నారు?”

“హాడోలో... ఒకావిడ.”

“హాడోలో ఎక్కడ?”

“క్వార్టర్లలో. టీ చల్లారిపోతోంది, తాగండి.”

“టీ సంగతి తర్వాత. పేరు?”

“మంచావిడే. పాపం, ఆవిడకి ఇబ్బందేమోనని...”

“ఏం ఇబ్బంది? బంద్‌లో చేప తిన్నానని చెప్పుకోడానికి సిగ్గా? అవతల ఒక మనిషి జైల్లో మగ్గుతుంటే?”

“అంటే, తప్పకుండా రావాలంటారా?”

“రావాలి. రాకపోతే సమన్లు తెప్పిస్తాను. నేనే చెయ్యి పట్టుకుని బోనెక్కిస్తాను.”

“చేతిలో ఉన్న పని పోద్దేమో ఆవిడకి.”

“పోతే పోనీ. నువ్వు నాన్చకు. చెప్పు.”

“మొన్న మీరు జైలుకెల్లి ఆయన్ని చూశారు కదా. మర్నాడు నేనెల్తే ఒకటే నవ్వు. ‘ఎరుకా, ఈ దీదీయే ఆ పొద్దున వాళ్ల క్వార్టర్ల వెనక గేటు దగ్గర నా సుర్మాయి చేప కొంది. కోస్తుంటే నా బొటనవేలు తెగితే పసుపు పెట్టి గుడ్డ కట్టింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాను, పోల్చుకోలేదు’ అన్నాడు.”

“పసుపు... గుడ్డ...”

“దీదీ?”

“మా ఆడపడుచు చెన్నై నుంచి వచ్చి ఓడ దిగిన రోజు. చుట్టాలొచ్చారని కొన్నాను. అబ్బ, ఆ వేలు... ఓడ టికెట్టు ఇంకా మా ఇంట్లోనే ఉంది, తేదీతో సహా.”

“కోపమొచ్చిందేటి దీదీ?”

“వకీలు గణేశ్వరరావుగారికి ఫోన్ చేస్తానుండు. సాక్షి చెప్పేవాళ్లే కేసు వాదించకూడదు. ఇకమీదట నీ కేసు ఆయన వాదిస్తారు. నేను బోనెక్కి ఆ చేప కొన్నది నేనేనని చెబుతాను.”